అమ్మ కూడా నొక్కగలిగే రిమోట్



కంప్యూటర్ చదువు అనగానే ప్రోగ్రాములు రాయడమే అనుకుంటాం. కానీ ఆ ప్రోగ్రాము మనిషి చేతికి అందేది తెర మీదనే. తెరను ఎలా తీర్చిదిద్దాలో నేర్చుకోవడానికి హోం థియేటర్ టచ్‌స్క్రీన్ రిమోట్ మంచి ఉదాహరణ. మేము పి.జి.లో చదివిన ఈ అంశాన్ని మీతో పంచుకుంటున్నాం.

హోం థియేటర్‌లో ప్రొజెక్టర్, డిస్క్ ప్లేయర్, సౌండ్ రిసీవర్ ఉంటాయనుకుందాం. ఒక్కోదానికి ఒక్కో రిమోట్. వీటన్నిటి పనీ ఒక్కటే చేసేలా 1998లో ఫిలిప్స్ సంస్థ 'ప్రోంటో' అనే టచ్‌స్క్రీన్ రిమోట్‌ను తెచ్చింది. తెర 320 × 240 పిక్సెళ్ళు, రంగులు లేవు. దాని గొప్పతనం వేరు. కొన్నవారే కంప్యూటర్‌లో బటన్లు గీసుకొని, ఏది నొక్కితే ఏం జరగాలో నిర్ణయించి, కేబుల్ ద్వారా రిమోట్‌లోకి ఎక్కించుకోవచ్చు. 2010లో ఫిలిప్స్ ప్రోంటోను నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. అయినా అది నేర్పిన పాఠాలు నేటి ఫోన్ తెరలకూ వర్తిస్తాయి.

1. పరికరం కాదు, పని ముఖ్యం: కొత్తవారు పరికరానికి ఒక పేజీ చొప్పున గీస్తారు. కానీ చూసేవారికి కావలసింది 'రిసీవర్, ఇన్‌పుట్ 2' కాదు, సినిమా. అందుకే మొదటి పేజీలో 'సినిమా', 'పాటలు', 'అన్నీ ఆపు' అనే బటన్లు చాలు.

2. ఒక్క నొక్కుకు అనేక ఆజ్ఞలు: 'సినిమా' నొక్కితే మూడు పరికరాలకూ వరుసగా ఆజ్ఞలు వెళ్ళాలి. దీన్నే మాక్రో అంటారు. రిమోట్ కంటికి కనిపించని పరారుణ కాంతితో ఆజ్ఞలు పంపుతుంది. సాధారణంగా అది ఒకవైపు మాటే, పరికరం తిరిగి జవాబు చెప్పదు. పైగా చాలా రిమోట్లలో ఆన్‌కీ, ఆఫ్‌కీ ఒకటే సంకేతం. మూడు పరికరాలు ఒక్కొక్కటి ఆన్‌లోనో ఆఫ్‌లోనో ఉంటాయి కనుక మొత్తం 2 × 2 × 2 = 8 స్థితులు. అన్నీ ఆఫ్‌లో ఉన్న ఒక్క స్థితిలోనే ఆ మాక్రో సరిగా పనిచేస్తుంది. మిగతా ఏడింటిలో ఏదో ఒకటి ఆరిపోతుంది. 'ఆన్'కు విడిగా సంకేతం ఉంటే ఎనిమిదింటిలోనూ పనిచేస్తుంది. అది లేని పరికరానికి 'బొమ్మ రాలేదా?' అనే సహాయపు బటన్ ఇచ్చి, ఆ ఒక్కదానికే పవర్ సంకేతం మళ్ళీ పంపాలి.

3. ఆగడం: ప్రొజెక్టర్ సిద్ధమయ్యేందుకు కొంత సమయం పడుతుంది. ఈలోగా పంపిన ఆజ్ఞ వృథా. అందుకే మాక్రోలో ఆజ్ఞల మధ్య విరామం పెట్టాలి.

4. వేలికి తెలియాలి: చీకట్లో నున్నని తెర మీద బటన్ వేలికి తగలదు. అందుకే ప్రోంటోలో కూడా సౌండ్ పెంచడానికి, తగ్గించడానికి, ఆపడానికి మామూలు బటన్లే ఉంచారు.

5. పేర్లు: బటన్‌ను బొమ్మగా పెట్టుకోవచ్చు కనుక తెలుగు అక్షరాలు కూడా గీసి పెట్టవచ్చు. అక్షరాలు రానివారికి గుర్తులు పెట్టాలి.

దీన్ని సాధన చేయడానికి కంప్యూటర్ అక్కరలేదు. నోటుబుక్కులో తెరంత గడి గీసి, బటన్లు వేయండి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఇంగ్లీషు రాని పెద్దవారికి చూపి, "సినిమా చూడాలంటే ఏది నొక్కుతావు?" అని అడగండి. మీరు ఏమీ వివరించకూడదు. వాళ్ళ వేలు ఎక్కడ ఆగిందో అక్కడ మీ బొమ్మను దిద్దండి.

మనలో చాలామందిమి ఇంటిల్లిపాదిలో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్ళం. ఏటీఎం దగ్గరో, ఫోన్ ముందో మన అమ్మానాన్నలు ఆగిపోతే, "మాకు చదువు లేదు గదా" అని తమనే నిందించుకుంటారు. లోపం వాళ్ళది కాదు, వాళ్ళను తలచుకోకుండా గీసిన తెరది. రేపు అలాంటి తెరలు గీసే ఉద్యోగాల్లోకి మనమూ వెళ్తాం. అప్పుడు మన ఇంటివాళ్ళ వేళ్ళు గుర్తుంటే చాలు, చదివిన చదువు సార్థకమవుతుంది.