తలకిందుల గిటారు



పోయిన నెల సైన్స్ మేడం గారు ఫోనులో ఒక పాట వినిపించారు. దాని పేరు ‘ఫ్రైట్ ట్రైన్’, అంటే గూడ్సు బండి. మాటలు నాకు సగం కూడా తెలియలేదు గానీ, గిటారు మాత్రం ఇద్దరు కూచుని వాయిస్తున్నట్టు వినబడింది. ఒక్క మనిషే అంటే నమ్మలేదు. అందుకే అడిగి, చదివి ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆమె పేరు ఎలిజబెత్ కాటన్. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో 1893లో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టింది. ఇంట్లో అందరూ ‘చిన్న చెల్లి’ అనే పిలిచేవాళ్లు. బడిలో మొదటి రోజు టీచరు పేరు అడిగితే, ఎలిజబెత్ అని తన పేరు తానే పెట్టుకుని చెప్పేసింది. ఇది చదివి నవ్వొచ్చింది, కొంచెం బాధ కూడా వేసింది. నాకు ఇంట్లో ఒక పేరు, రిజిస్టర్‌లో ఒక పేరు. నన్నెవరూ అడగలేదు.

చిన్నతనంలోనే ఆమె బడి మానేసి ఇళ్లల్లో పనికి పోయింది. జీతం కూడబెట్టి 3 డాలర్ల 75 సెంట్లకు గిటారు కొనుక్కుంది. అక్కడ చిక్కొచ్చింది. ఆమెది ఎడమ చేయి, గిటారేమో కుడిచేతి వాళ్లది. తీగలు మార్చి కట్టుకోవచ్చు గదా అంటారు. ఆమె మార్చలేదు, గిటారునే తిప్పి పట్టుకుంది. మామూలుగా లావు తీగలు పైన ఉంటాయి, వాటిని బొటనవేలు మీటుతుంది. సన్న తీగలు కింద ఉంటాయి, పాట వరస వాటి మీద వేళ్లు పలికిస్తాయి. తిప్పి పట్టుకుంటే అంతా తారుమారు. ఆమెకు వేలు లావు తీగల మీద తాళం వేస్తుంటే, బొటనవేలు పాట పలికిస్తుంది. నాకు ఇద్దరిలా వినబడింది ఈ రెండే. ఈ పద్ధతికి ఇప్పుడు ఆమె పేరే పెట్టి ‘కాటన్ పికింగ్’ అంటారు.

నాదీ ఎడమ చేయే. చిన్న తరగతుల్లో స్కేలుతో ఎన్ని దెబ్బలు తిన్నానో. ఈ కాగితం మీద సిరా అలికినట్టుంది చూడండి, అది అందుకే.

‘ఫ్రైట్ ట్రైన్’ ఆమె పదకొండు పన్నెండేళ్లకే కట్టింది. ఇంటి దగ్గర రైళ్లు పోతుండేవి. పక్కింటావిడ చాడీ చెప్పి తల్లి చేత శిక్ష వేయిస్తే, ఆ కోపంతో ఇంకో పాట కట్టింది. తర్వాత పెళ్లయింది. ఇలాంటి పాటలు తగవని చర్చిలో అంటే, గిటారు పక్కన పెట్టేసింది. ఏళ్లు గడిచిపోయాయి.

1940ల్లో వాషింగ్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో బొమ్మలు అమ్మేది. అక్కడ తప్పిపోయిన ఒక పిల్లను తల్లికి అప్పజెప్పింది. ఆ పిల్ల పెగ్గీ సీగర్. వాళ్లది సంగీతం ఇల్లు. తల్లి ఈమెను ఇంటి పనికి పెట్టుకుంది. వాళ్ల గోడకున్న గిటారు తీసి ఈమె వాయిస్తుంటే పిల్లలు విన్నారు. పెగ్గీ ఆ పాట నేర్చుకుని ఇంగ్లండ్‌లో పాడింది. అక్కడ ఇద్దరు మనుషులు పాట తమదేనని రాయించుకున్నారు! 1957లో వేరే వాళ్లు పాడిన రికార్డు బాగా అమ్ముడుపోయింది. సీగర్ వాళ్లు పట్టుబట్టి ఆమెకు హక్కు తెప్పించారు. అయినా కొన్ని రికార్డుల మీద ఇంకా ఆ పాత పేరే ఉంటుంది. నాకు ఇది అన్నిటికన్నా కోపం తెప్పించింది.

పెగ్గీ అన్న మైక్ ఆమె ఇంటికే పోయి పాటలు రికార్డు చేశాడు. 1958లో ఫోక్‌వేస్ కంపెనీ ఆల్బం తెచ్చింది. అప్పటికి ఆమెకు అరవై అయిదేళ్లు. మా నాయనమ్మ వయసు! 1967 ఆల్బంలో ‘షేక్ షుగరీ’ అనే పాట ఉంది. దాని చరణాలకు మాటలు మునిమనవలు తలా కొన్ని ఇచ్చారు, పాడింది వాళ్లలో పన్నెండేళ్ల పిల్ల. నాకు ఇదే ఎక్కువ నచ్చింది. 1985లో గ్రామీ బహుమతి వచ్చింది. 1987లో చనిపోయింది. బాబ్ డిలాన్ లాంటి పెద్దవాళ్లు ఆమె పాటలు పాడారు.

వినాలనుకున్న వాళ్లు ఆదివారం టిఫిన్ అయ్యాక రండి, మేడం గారు సరే అన్నారు. ఎడమచేతి వాళ్లు ముందు వరసలో కూచోండి.