మంచు పలక ఆటగాడు షాన్ వైట్

అమెరికాలో కాలిఫోర్నియా అనే రాష్ట్రం ఉంది. అక్కడి శాన్ డియాగో నగరంలో 1986 సెప్టెంబరు 3న ఒక మగబిడ్డ పుట్టాడు. పేరు షాన్. బిడ్డ గుండెలో లోపం ఉందని డాక్టర్లు చెప్పారు.

మన గుండెలో నాలుగు గదులు ఉంటాయి. కుడివైపు నుంచి రక్తం ఊపిరితిత్తులకు వెళుతుంది. అక్కడ ప్రాణవాయువు నింపుకుని ఎడమవైపుకు వస్తుంది. అక్కడి నుంచి ఒళ్ళంతా పారుతుంది. షాన్ గుండెలో కింది రెండు గదుల మధ్య గోడకు రంధ్రం ఉంది. ఊపిరితిత్తులకు పోయే దారి ఇరుకుగా ఉంది. అందువల్ల ప్రాణవాయువు సరిగా లేని రక్తమే ఒంట్లోకి పోతుంది. ఇలాంటి పిల్లలు గుక్కపట్టి ఏడిస్తే పెదాలు, గోళ్ళు నీలంగా మారతాయి. ఇది దిష్టి కాదు, గాలి సోకడం కాదు. తాయెత్తు కడితే తగ్గదు. డాక్టరుకు చూపించాల్సిందే.

షాన్ తల్లిదండ్రులు చూపించారు. ఏడాది నిండకముందే బిడ్డకు రెండుసార్లు గుండె ఆపరేషన్ జరిగింది. బిడ్డ బతికాడు.

వాళ్ళేమీ గొప్ప ఉన్నవాళ్ళు కారు. తల్లి హోటల్లో వడ్డించే పని చేసేది. తండ్రి ఊరి నీటి సరఫరా శాఖలో పనిచేసేవాడు. సెలవు దొరికితే అందరూ వ్యాను ఎక్కి మంచు కొండలకు పోయేవారు. రూము అద్దె ఎందుకని రాత్రిళ్ళు ఆ వ్యానులోనే పడుకునేవారు. అన్న ఆడుతుంటే చూసి, ఆరేళ్ళ షాన్ కూడా మంచు పలక ఎక్కాడు.

ఏమిటీ మంచు పలక? 1965లో అమెరికాలో ఒక తండ్రి తన కూతుళ్ళ ఆట కోసం రెండు మంచు జారుడు బద్దలను పక్కపక్కన కలిపి బిగించాడు. ఆ పలక మీద నిలబడి పిల్లలు కొండ మీంచి జారారు. తర్వాత దానికి ఎన్నో మార్పులు జరిగాయి. స్నోబోర్డు అనే పేరు వచ్చింది. ఆటగాడు రెండు కాళ్ళూ ఒకే పలకకు బిగించుకుంటాడు. చేతిలో ఊతకర్ర ఉండదు. 1998లో ఈ ఆట ఒలింపిక్స్‌లోకి వచ్చింది.

ఇందులో హాఫ్‌పైప్ అనే పోటీ ఉంది. తాటిదోనెను వాలుగా పెట్టినట్టు ఊహించుకోండి. ఆ దోనె అంతా గట్టి మంచు. రెండు పక్కలా గోడల ఎత్తు 22 అడుగులు, అంటే రెండంతస్తుల మేడంత. ఆటగాడు ఒక గోడ పైకి దూసుకుపోయి, గాలిలో గిరగిరా తిరిగి, మళ్ళీ అదే గోడ మీద దిగాలి. వెంటనే ఎదుటి గోడకు పోవాలి. అలా కిందికి చేరేలోగా ఐదారు సార్లు ఎగరాలి. జడ్జీలు నూటికి ఇన్ని అని మార్కులు వేస్తారు.

ఏడేళ్ళు వచ్చేసరికే పలకలు తయారుచేసే కంపెనీ ఒకటి షాన్‌కు సామాను ఇవ్వసాగింది. 13 ఏళ్ళకు ఆటే జీవనాధారం అయింది. ఇలాంటి ఆటగాళ్ళకు పతకాల కంటే కంపెనీల ఒప్పందాల వల్లే ఎక్కువ డబ్బు వస్తుంది. ఆటగాడి బట్టల మీద, పలక మీద ఆ కంపెనీల పేర్లు ఉంటాయి.

2006లో ఇటలీలోని టురిన్ ఒలింపిక్స్‌లో షాన్ బంగారు పతకం గెలిచాడు. అప్పటికి 19 ఏళ్ళు. ఎర్రజుట్టు వల్ల 'ఎగిరే టమాటా' అనే పేరు వచ్చింది. 2010లో కెనడాలోని వాంకూవర్‌లోనూ బంగారమే. అక్కడ ఆఖరి వంతు రాకముందే గెలుపు ఖాయమైంది. ఊరికే జారి దిగినా చాలు. కానీ షాన్ అన్నిటికన్నా కష్టమైన గెంతు ఆ వంతులోనే వేసి చూపించాడు. 2014లో రష్యాలోని సోచిలో మాత్రం నాలుగో స్థానంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

2017 అక్టోబరులో న్యూజిలాండ్‌లో సాధన చేస్తున్నాడు. 1440 అనే గెంతు అది. ఒక పూర్తి చుట్టు అంటే 360 డిగ్రీలు. 1440ని 360తో భాగించి చూడండి. నాలుగు వస్తుంది. గాలిలో నాలుగు చుట్లు తిరగాలన్న మాట. ఆ రోజు లెక్క తప్పింది. మొహం పోయి గోడ అంచుకు కొట్టుకుంది. మంచంతా రక్తం. మొహానికి 62 కుట్లు పడ్డాయి. ఊపిరితిత్తికీ దెబ్బ తగిలింది.

ఒలింపిక్స్‌కు నాలుగు నెలలే ఉంది. గాయం మానింది గానీ భయం అంత తొందరగా మానలేదు. పడింది ఏ గెంతులోనో, మళ్ళీ ఆ గెంతే వేయాలి. అది లేకుండా గెలవడం కష్టం. షాన్ మళ్ళీ పలక కట్టుకున్నాడు. 2018 జనవరిలో అమెరికాలో జరిగిన ఒక పోటీలో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నాడు.

ఫిబ్రవరి 14. దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్. ఒక్కొక్కరికి మూడు వంతులు. మూడింటిలో మంచి మార్కులే లెక్క. మొదటి వంతులో షాన్‌కు 94.25 వచ్చాయి. జపాను కుర్రవాడు అయుము హిరానో రెండో వంతులో 95.25 తెచ్చి ముందుకు పోయాడు. రెండో వంతులో షాన్ పడిపోయాడు. ఇక మిగిలింది ఒక్కటే.

ఆ ఒక్కదానిలో షాన్ ఒక 1440 వేశాడు. ఎదుటి గోడకు పోయి వెంటనే ఇంకో 1440 వేశాడు. అలా వెంటవెంటనే రెండూ కలిపి అంతకు ముందెప్పుడూ వేయలేదు. రెండుసార్లూ కాళ్ళ మీదే దిగాడు. మార్కులు 97.75. మూడో బంగారం. 31 ఏళ్ళ మనిషి అక్కడే వెక్కివెక్కి ఏడ్చాడు. తల్లిదండ్రుల దగ్గరికి పరుగెత్తి కౌగిలించుకున్నాడు.

2022లో చైనాలో జరిగిన బీజింగ్ ఒలింపిక్స్‌లో అదే హిరానో గెలిచాడు. షాన్ ఆఖరి వంతులో పడిపోయి నాలుగో స్థానంలో ఆగాడు. అదే ఆయన చివరి పోటీ. తోటి కుర్రవాళ్ళంతా వచ్చి చుట్టూ చేరారు.

పోటీలు మానినా ఆట మానలేదు. స్నో లీగ్ అనే పోటీల వరుసను షాన్ ప్రారంభించాడు. మొదటి పోటీ 2025 మార్చిలో అమెరికాలోని ఆస్పెన్‌లో జరిగింది. అందులో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ బహుమతి డబ్బు సమానం.