జడ్జిగారి ఛాంబర్‌లో ఉద్యోగం: దరఖాస్తుకు ముందే తేల్చుకోవాలి

అమెరికా ఉపాధ్యక్షుడి భార్య ఉషా చిలుకూరి వాన్స్ గురించి 2024 నుంచి తెలుగు పత్రికలు చాలానే రాశాయి. గోదావరి జిల్లా మూలాలు, బంధువుల ముచ్చట్లు, పెళ్లి ఫొటోలు అన్నీ వచ్చాయి. లా చదివే పిల్లలకు పనికొచ్చే సంగతి మాత్రం సగం వాక్యంలో దాటిపోయింది. యేల్ లా స్కూల్లో పట్టా పుచ్చుకున్న ఆమె ముగ్గురు జడ్జీల దగ్గర లా క్లర్కుగా పనిచేశారు. అముల్ థాపర్ ఒకరు, అప్పట్లో అప్పీళ్ల కోర్టులో ఉన్న బ్రెట్ కావనా ఇంకొకరు, మూడోవారు సాక్షాత్తూ ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్. అమెరికాలో ఒక లాయరు బయోడేటాకు ఇంతకు మించిన వరస దొరకడం కష్టం.

జడ్జి ముందుకొచ్చే కేసు కాగితాలన్నీ చదవడం, ఎవరి వాదనలో బలముందో ఎవరిది తేలిపోతుందో నోట్ రాసివ్వడం, తీర్పు చిత్తుప్రతి తయారుచేయడం, అందులో ఉదహరించిన ప్రతి పాత తీర్పునూ సరిచూడటం లా క్లర్కు పని. సాధారణంగా ఏడాది, కొందరి దగ్గర రెండేళ్లు. సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులకు తలా నలుగురు చొప్పున ఏటా సుమారు 36 మందికే ఆ యోగం. అక్కడినుంచి బయటికొచ్చినవాళ్లకు పెద్ద లా ఫర్ములు చేరినందుకే ఇచ్చే బోనస్ 5 లక్షల డాలర్ల దాకా వెళ్లిందని అక్కడి న్యాయ పత్రికలు రాశాయి. కింది ఫెడరల్ కోర్టుల్లో చేసినవాళ్లకు ఆ స్థాయి డబ్బు రాదు. అయినా ఫర్ముల్లోనూ, ప్రాసిక్యూటర్ ఆఫీసుల్లోనూ, లా ప్రొఫెసర్ పోస్టుల్లోనూ ఆ ఒక్క ఏడాదికి ఉన్న విలువ వేరు.

ఇంత గిరాకీ ఉన్న ఉద్యోగానికి అందరికీ వర్తించే నియామక పద్ధతంటూ లేదు. ఫెడరల్ జడ్జిది జీవితకాల నియామకం. తన క్లర్కును తానే వెతుక్కుంటారు, తానే ఎంచుకుంటారు, ఎందుకు తీసుకోలేదో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఈ ఉద్యోగం చుట్టూ రేగే గొడవలన్నిటికీ వేరు ఇక్కడే ఉంది.

తొందర గొడవనే చూడండి. మంచి విద్యార్థిని పక్క జడ్జి ఎగరేసుకుపోతాడేమోనని ఒకరికంటే ఒకరు ముందుగా పిలవడం మొదలుపెడితే, చివరికి మొదటి ఏడాది మార్కులు తప్ప చేతిలో ఏమీ లేని పిల్లలకు ఇంటర్వ్యూలు జరుగుతాయి. దీన్ని ఆపడానికి 2003లో ఒక ప్రణాళిక పెట్టుకున్నారు. పాటించాలన్న నిర్బంధం ఎవరికీ లేదు కనక మెల్లగా జారిపోయారు. 2013లో వాషింగ్టన్‌లోని డీసీ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు మేమిక పాటించం అని ప్రకటించడంతో అది కూలిపోయింది. 2018లో మళ్లీ కొత్తది ప్రకటించారు. మూడేళ్ల కోర్సులో రెండో ఏడాది పూర్తయ్యేదాకా దరఖాస్తులు తీసుకోకూడదు, ఆఫర్ ఇస్తే ఆలోచించుకోవడానికి కొంత గడువివ్వాలి, ఆ గడువులో అభ్యర్థి మరో జడ్జి దగ్గర ఇంటర్వ్యూకు వెళ్లవచ్చు. చదవడానికి బాగుంది. ఇదీ ఐచ్ఛికమే. పాటించని జడ్జీలు చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరు ఇంటర్వ్యూ గదిలోనే ఆఫర్ ఇచ్చి అక్కడికక్కడే జవాబు కోరతారు.

అలాంటప్పుడు ‘ఇంట్లో అడిగి చెబుతాను’ అంటే కుదరదు. జడ్జి ఆఫర్ ఇచ్చాక కాదనడం అక్కడి ఆచారంలో దాదాపు లేదు. కాదంటే మీతోపాటు మిమ్మల్ని సిఫారసు చేసిన ప్రొఫెసర్ మాటా పోతుంది. ఇంటర్వ్యూకు వెళ్లారంటే తాంబూలాలు పుచ్చుకున్నట్టేనని లెక్కవేసుకోండి. కాబట్టి ‘ఈ ఊళ్లో, ఈ జడ్జి దగ్గర ఏడాది ఉండగలనా?’ అన్న ప్రశ్న దరఖాస్తు పంపకముందే వేసుకోవాలి. యాభై చోట్లకు పంపి, పిలిచాక చూద్దాం అనే మన అలవాటు ఇక్కడ పనికిరాదు.

రెండో గొడవ బహిష్కరణలది. అతిథి వక్తలను విద్యార్థులు మాట్లాడనివ్వడం లేదంటూ, ఇకపై యేల్ లా స్కూల్లో చేరేవాళ్లను క్లర్కులుగా తీసుకోనని ఐదో సర్క్యూట్ జడ్జి జేమ్స్ హో 2022లో ప్రకటించారు. పదకొండో సర్క్యూట్ జడ్జి ఎలిజబెత్ బ్రాంచ్ ఆయనతో జతకట్టారు. 2023లో స్టాన్‌ఫర్డ్‌లో జడ్జి కైల్ డంకన్ ప్రసంగాన్ని విద్యార్థులు అడ్డుకున్నాక ఆ స్కూలూ జాబితాలో చేరింది. 2024 మేలో, గాజా యుద్ధంపై క్యాంపస్‌లో సాగిన నిరసనలను కొలంబియా విశ్వవిద్యాలయం సరిగా అదుపు చేయలేదంటూ 13 మంది ఫెడరల్ జడ్జీలు లేఖ రాశారు. ఆ ఏడాది నుంచి అక్కడ చేరేవాళ్లను, లా విద్యార్థులే కాదు డిగ్రీ విద్యార్థులను సైతం తీసుకోబోమన్నారు. నినాదం చేసినవాడికీ, లైబ్రరీలో తలవంచుకు చదువుకున్నవాడికీ ఒకే శిక్ష. నాకిది న్యాయంగా కనిపించదు. న్యాయమే పనిగా పెట్టుకున్నవాళ్లు చేయడం మరీ వింత.

వింతకు పాత జోడీ ఒకటుంది. 1960లో, తర్వాతి కాలంలో తానే సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్‌ను హార్వర్డ్ ప్రొఫెసర్ ఒకరు గట్టిగా సిఫారసు చేసినా, జస్టిస్ ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ క్లర్కుగా తీసుకోలేదు. కారణం ఆమె స్త్రీ కావడమే. అంతకుముందు ఆమెకు న్యూయార్క్ జడ్జి ఎడ్మండ్ పాల్మియెరి దగ్గర చోటు దొరికింది కూడా తేలిగ్గా కాదు. ఈమెకు అవకాశం ఇవ్వకపోతే కొలంబియా నుంచి మరో విద్యార్థిని మీకు పంపను అని ప్రొఫెసర్ జెరాల్డ్ గంథర్ బెదిరించాల్సి వచ్చింది. అప్పుడు కొలంబియా జడ్జిని బహిష్కరిస్తానంది, ఇప్పుడు జడ్జీలు కొలంబియాను. ఈ బహిష్కరణలు చూసి స్కూలు మార్చుకోవాల్సిన అవసరమైతే లేదు. వందల మంది ఫెడరల్ జడ్జీల్లో వీళ్లు కొద్దిమందే. ఎవరు ఏ స్కూలును వద్దన్నారో తెలుసుకుంటే మీ సిఫారసు లేఖలు వృథా కావు, అంతే.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, కెరీర్ ఆఫీసులు తక్కువగా మాట్లాడేదీ ఇదే. ఛాంబర్‌లో జడ్జి, ఇద్దరు ముగ్గురు క్లర్కులు, ఒక సహాయకుడు ఉంటారు. బయటివాళ్ల కన్ను పడదు. మాజీ క్లర్కులు లైంగిక వేధింపుల ఆరోపణలు చేశాక 2017 డిసెంబరులో తొమ్మిదో సర్క్యూట్ జడ్జి అలెక్స్ కొజిన్‌స్కీ పదవి నుంచి తప్పుకున్నారు. అలాస్కా జడ్జి జాషువా కిండ్రెడ్ తన క్లర్కుతో అనుచితంగా ప్రవర్తించారని విచారణలో తేలి, 2024 జులైలో రాజీనామా చేశారు. మామూలు కంపెనీ ఉద్యోగినికి రక్షణగా ఉండే 1964 నాటి పౌర హక్కుల చట్టంలోని టైటిల్ సెవెన్, ఫెడరల్ కోర్టు క్లర్కులకు వర్తించదు. ఫిర్యాదు కోర్టుల అంతర్గత పద్ధతిలోనే నడవాలి. ఆపైన ముప్పై ఏళ్లపాటు మీ గురించి ఫోన్లో నాలుగు మంచి ముక్కలు చెప్పాల్సింది ఆ జడ్జే కదా!

అందుకని ఫెడరల్ కోర్టుల ఆన్‌లైన్ దరఖాస్తు వేదిక ఆస్కార్‌లో జడ్జి వివరాలు చూసి ఊరుకోకండి. మాజీ క్లర్కులు ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. జడ్జి ఆఫీసు ఇచ్చిన పేర్లే కాక, మీ స్కూలు పూర్వ విద్యార్థుల్లోంచి మీరే వెతికిన పేరు ఒకటైనా ఉండాలి. ఎన్ని గంటలకు ఇంటికి వెళ్లేవారు, తీర్పు చిత్తుప్రతి నచ్చనప్పుడు జడ్జి ఎలా మాట్లాడేవారు, మధ్యలో మానేసినవాళ్లు ఉన్నారా అని సూటిగా అడగండి. ఈమెయిల్లో ముక్తసరిగా రాసినవాళ్లు ఫోన్లో విప్పి చెబుతారు.

ఇండియా నుంచి వెళ్లి చదివే తెలుగు విద్యార్థులకు అసలు అడ్డంకి వేరే ఉంది. ఎఫ్-1 వీసా మీద ఉన్న భారతీయ పౌరులకు అమెరికా ప్రధాన భూభాగంలోని ఫెడరల్ కోర్టులు మామూలుగా జీతం ఇవ్వలేవు, కేటాయింపుల చట్టం ఒప్పుకోదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు పౌరసత్వం తీసుకునే ఉద్దేశం ఉండాలన్న షరతు ఉంది. అక్కడే పుట్టిన మనవాళ్ల పిల్లలకు ఈ చిక్కు లేదు. రాష్ట్రాల కోర్టుల నిబంధనలు ఎక్కడికక్కడ వేరు కనక, ఎల్‌ఎల్‌ఎంకు అప్పు చేసేముందే కనుక్కోవాలి.

మన సుప్రీంకోర్టులో కథ మరోలా ఉంది. లా క్లర్కు కమ్ రీసెర్చ్ అసోసియేట్ పోస్టుకు నోటిఫికేషన్ వస్తుంది, ఆబ్జెక్టివ్ పరీక్ష, డిస్క్రిప్టివ్ పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. 2025 నోటిఫికేషన్‌లో వేతనం నెలకు 80 వేల రూపాయలు. హైదరాబాద్, విశాఖల్లో జూనియర్ లాయరుకు సీనియర్ ఇచ్చేదాన్ని గుర్తుచేసుకుంటే ఇది చిన్న మొత్తం కాదు. పైగా 2025 మే 20న సుప్రీంకోర్టు, జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేస్తూ, లా క్లర్కుగా చేసిన కాలాన్నీ అందులో లెక్కించాలని చెప్పింది. హైకోర్టులో జడ్జి దగ్గర చేసినా వర్తిస్తుంది. చేరిన రోజు ఉత్తర్వు, వదిలిన రోజు ధ్రువపత్రం రెండూ తీసుకుని దాచుకోండి.