బడి కమిటీకి ఎన్నిక

సర్పంచును ఎన్నుకుంటాం. వార్డు మెంబరును ఎన్నుకుంటాం. ఈ సంగతి అందరికీ తెలుసు. మన పిల్లలు చదివే సర్కారు బడికి కూడా ఎన్నిక ఉంటుంది. అది ఎందరికి తెలుసు?

ఇది నిన్న మొన్నటిది కాదు. 1998లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. బడి నడపటంలో ఊరివాళ్ళకు పాలు ఉండాలని ఆ చట్టం చెప్పింది. పిల్లల తల్లిదండ్రులు బడి కమిటీని ఎన్నుకున్నారు. అప్పుడు మన చౌటుప్పల్ నల్లగొండ జిల్లాలో ఉండేది. (2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో కలిసింది.) ఆ తర్వాత 2009లో దేశమంతటికీ విద్యాహక్కు చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 6 ఏండ్ల నుంచి 14 ఏండ్ల దాకా ప్రతి బిడ్డకూ ఉచితంగా చదువు చెప్పాలి. ప్రతి సర్కారు బడికీ ఒక 'పాఠశాల యాజమాన్య కమిటీ' ఉండాలి. ఈ రెండూ ఆ చట్టంలోనే ఉన్నాయి. పేరు నోరు తిరగదు. మనం బడి కమిటీ అందాం.

కమిటీలో 4 వంతుల్లో 3 వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మన దగ్గర పెట్టుకున్న నియమం ప్రకారం ఒక్కో తరగతికి ముగ్గురు తల్లిదండ్రులు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కుటుంబాలకు చోటు తప్పకుండా ఇవ్వాలి.

పలక మీద లెక్క చేద్దాం. 1 నుంచి 5 వరకు తరగతులున్న బడి అనుకోండి.
5 × 3 = 15 మంది తల్లిదండ్రులు.
5 × 2 = 10 మంది ఆడవాళ్ళు.
పదిహేను మందిలో పది మంది! ఊళ్ళో ఇంకే కమిటీలో ఇంతమంది ఆడవాళ్ళున్నారు?

ఎన్నిక బడిలోనే జరుగుతుంది. ముందు నోటీసు వేస్తారు. ఓటర్ల జాబితా అతికిస్తారు. మీ పేరు ఉందో లేదో మీరే చదివి చూసుకోవచ్చు. ఆ రోజు ఏ తరగతి పిల్లల తల్లిదండ్రులు ఆ తరగతి గదిలో కూర్చుంటారు. చేతులెత్తి ఎన్నుకుంటారు. సగం మంది అయినా రాకుంటే ఎన్నిక వాయిదా పడుతుంది. అట్లా గెలిచిన తల్లిదండ్రులు తమలో నుంచే చైర్మన్‌ను, వైస్ చైర్మన్‌ను ఎన్నుకుంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా ఆడమనిషి ఉండాలి. హెడ్మాస్టరు చైర్మన్ కాదు. ఆయన సభ్యులను పిలిచి మీటింగు పెట్టే కన్వీనరు.

ఈ సంగతి చెపితే మా రాత్రి బడిలో ఒక అక్క నవ్వింది.

"నేను నిలబడితే నవ్వుతరు టీచరమ్మా. నాకేం సదువొచ్చు?"

"మీ బాబు ఆ బడిలనే చదువుతున్నడా అక్కా?"

"మూడో తరగతి."

"గంతే సాలు. గింత చదువు ఉండాలని చట్టంల లేదు."

"మరి మీటింగుకు పోతే కూలి పోతది గదా? కంపెనీల ఒక్క పూట రాకున్నా కోస్తరు."

ఈ మాటకు నా దగ్గర మంచి జవాబు లేదు. మీటింగుకు వచ్చినందుకు కూలి ఇవ్వరు. మన దిక్కు తల్లులు మగ్గం నేస్తారు, చేలల్లో పని చేస్తారు, మందుల కంపెనీలకు పోతారు. పగటిపూట మీటింగు పెడితే వాళ్ళు రాలేరు. రాలేదని పెద్దలు నలుగురు కూర్చొని పేర్లు రాసుకుంటారు. ఎన్నిక అయిపోయిందని అంటారు. తల్లి పేరు కాగితం మీద ఉంటుంది, కుర్చీలో ఆమె భర్త కూర్చుంటాడు. ఇది నాకు నచ్చదు. మీటింగు మీకు వీలైన పూట పెట్టమని హెడ్మాస్టరును అడగండి. ఒక్కరు అడిగితే వింటారో వినరో. పది మంది కలిసి పోండి.

కమిటీకి పనేమిటి? పిల్లలు రోజూ బడికి వస్తున్నారా, సార్లు వేళకు వస్తున్నారా అని చూడాలి. మధ్యాహ్నం అన్నం సరిగ్గా ఉందా? రుచి చూడండి. పప్పు నీళ్ళలా ఉంటే చెప్పండి. కొందరు పిల్లలు పత్తి ఏరే కాలంలో బడి మానేస్తారు. ఆ ఇండ్లకు పోయి మాట్లాడే పని కమిటీదే. సారు పోయి చెప్తే ఒక తీరు, పక్కింటి వదిన చెప్తే ఒక తీరు. బడికి ఏమేమి కావాలో ప్రణాళిక రాయాలి. బడికి వచ్చిన పైసలు ఎట్లా ఖర్చయ్యాయో చూడాలి. కాని టీచర్లను పెట్టే అధికారం, తీసేసే అధికారం కమిటీకి లేదు. పై అధికారులకు రాయవచ్చు.

అమెరికాలో కూడా బడులకు బోర్డులున్నాయి. చాలా చోట్ల జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. అక్కడ బడికి పోయే పిల్లలు లేనివాళ్ళు కూడా నిలబడవచ్చు. మన దగ్గర తల్లిదండ్రుల సీట్లకు ఆ బడి పిల్లల తల్లిదండ్రులే నిలబడాలి. పిల్లలకు తల్లీతండ్రీ లేకుంటే వాళ్ళను సాదేవాళ్ళు నిలబడవచ్చు.

2024లో తెలంగాణ ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా పెట్టింది. వాటికి మహిళా సంఘాల నాయకురాళ్ళు అధ్యక్షులయ్యారు. తాగే నీళ్ళు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్న చిన్న మరమ్మతులు వాళ్ళకు అప్పగించారు. పొదుపు సంఘంలో లెక్కలు చూసిన అక్కలకు ఈ పని కొత్తేమీ కాలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కమిటీ సభ్యులు తీర్మానం పుస్తకంలో సంతకం పెడతారు. "ఇక్కడ పెట్టమ్మా" అంటే పెట్టేయకండి. చదవండి. చదవటానికి పావుగంట పట్టినా చదవండి. ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనీయండి. ఖాళీ కాగితం మీద అసలే పెట్టవద్దు. పైసలు అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయమని అడగండి.

కింద ఒక తీర్మానం ఉంది. గట్టిగా చదవండి.

"నీళ్ళ ట్యాంకుకు 4 కుళాయిలు బిగించడానికి రూ. 1,200 ఖర్చు చేయుటకు కమిటీ ఒప్పుకున్నది."

1. ఎన్ని కుళాయిలు? ఒక్కో కుళాయికి ఎంత పడింది?
2. ఇందులో తేదీ ఉందా?
3. సంతకాలు అయినాక 1,200 చివర ఎవరైనా ఒక సున్న చేరిస్తే ఎంత అవుతుంది? రాసి చూడండి.
4. అట్లా చేర్చటానికి వీలు లేకుండా ఈ తీర్మానాన్ని మళ్ళీ రాయండి. కింద మీ సంతకం పెట్టండి.