తలాంతును పాతిపెట్టవద్దు
(ప్రతిభా ఉపకార వేతనాలు – మన కుటుంబాలకు ఒక పాఠం)



ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన వారం మా బంగళా వరండాలో కూర్చోవడానికి చోటుండదు. మార్కుల జాబితా పట్టుకొని ఒకరు, కళాశాలవారు పంపిన ఉత్తరం పట్టుకొని మరొకరు వస్తారు. "ఫాదర్‌గారూ, మావాణ్ణి ఎందులో చేర్పించమంటారు? స్కాలర్‌షిప్పు వస్తుందంటారా?" అని అడుగుతారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే మాటలనే ఈ వారం మీ అందరికీ కలిపి చెబుతాను.

ముందుగా ఒక సంగతి. కొన్నేళ్ళ క్రితం మా విచారణలో ఒక అమ్మాయి సి.ఇ.సి. గ్రూపుతో ఇంటర్ పూర్తిచేసింది. వెయ్యికి 780 మార్కులు. తండ్రి లేడు, తల్లి పొలం పనులకు వెళ్తుంది. డిగ్రీలో చేరిన కొద్ది నెలలకు బస్సు ఛార్జీలకే ఇబ్బందిగా ఉందని నా దగ్గరకు వచ్చింది. "కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ప్రతిభా ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టావా, అమ్మా?" అని అడిగాను. "80 రావాలట కదా ఫాదర్, నాకు 78 శాతమే" అన్నది. జాబితా తెప్పించి చూస్తే ఆమె నంబరు అందులో ఉంది. కాని గడువు దాటి అప్పటికి నాలుగు రోజులైంది. మూడేళ్ళపాటు అందగలిగిన సహాయం ఒక్క మాటను తప్పుగా అర్థం చేసుకోవడంవల్ల చేజారిపోయింది. ఈ పాఠం రాయడానికి ఆ అమ్మాయి ముఖమే కారణం.

శాతం వేరు, పర్సంటైల్ వేరు

ఆ అమ్మాయి పొరబడిన మాట "పర్సంటైల్". శాతం అంటే మీ బిడ్డ నూటికి ఎన్ని మార్కులు తెచ్చుకున్నదీ తెలిపేది. పర్సంటైల్ అంటే తోటివారిలో ఆమె ఎక్కడ నిలిచినదీ తెలిపేది. ఒక గ్రూపులో ఉత్తీర్ణులైన విద్యార్థులను ఎక్కువ మార్కులనుండి తక్కువ మార్కులవరకు వరుసగా నిలబెట్టారనుకోండి. ప్రతి నూరుమందిలో ముందున్న ఇరవైమంది 80వ పర్సంటైల్‌కు పైనున్నవారు. అందరికీ మార్కులు ధారాళంగా వచ్చే గ్రూపులో 90 శాతం వచ్చినవాడు కూడ ఆ ఇరవైమందిలో ఉండకపోవచ్చు. మార్కులు అంతగా పడని గ్రూపులో 78 శాతం వచ్చిన అమ్మాయి ఉండవచ్చు. కనుక మార్కుల జాబితా చూసి "మనకు రాదులే" అని ఇంట్లోనే తీర్పు చెప్పుకోకండి.

ఇంతకూ ఆ పథకం ఏమిటి?

కళాశాల, విశ్వవిద్యాలయ విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఉపకార వేతనాలిచ్చే పథకమిది. ఇప్పుడు "పి.ఎమ్.–యు.ఎస్.పి." అనే పేరుతో నడుస్తున్నది. దేశం మొత్తంమీద ఏటా 82,000 కొత్త వేతనాలు. వాటిలో సగం ఆడపిల్లలకే. సైన్సు, కామర్సు, ఆర్ట్స్ విద్యార్థులకు 3:2:1 నిష్పత్తిలో పంచుతారు. 2022-23 నుండి అమలైన నిబంధనల ప్రకారం కుటుంబ వార్షికాదాయం నాలుగున్నర లక్షల రూపాయలకు మించకూడదు. డిగ్రీ మొదటి మూడు సంవత్సరాలు ఏడాదికి 12,000 రూపాయలు, పి.జి. స్థాయిలో ఏడాదికి 20,000 రూపాయలు ఇస్తారు. డబ్బు నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. 80వ పర్సంటైల్ అనేది లోపలికి వెళ్ళే తలుపు మాత్రమే. ఆ తలుపు దాటినవారిలోనుంచి రాష్ట్రానికి కేటాయించిన సంఖ్య మేరకు ప్రతిభ క్రమంలో ఎంపిక చేస్తారు. అందుచేత దరఖాస్తు చేసిన ప్రతివారికీ రాదు. చేయనివారికి మాత్రం అసలే రాదు.

ఇక్కడ మన రెండు తెలుగు రాష్ట్రాలవారు గట్టిగా గుర్తుంచుకోవలసిన నిబంధన ఒకటుంది. రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటుగాని, మరొక ఉపకార వేతనంగాని పొందుతున్నవారు దీనికి అర్హులు కారు. రెండు పడవలమీద కాళ్ళు పెట్టరాదు. ఇంజనీరింగులో చేరి పెద్ద మొత్తం ఫీజు రాష్ట్రం చెల్లిస్తుంటే అదే మీకు మేలు. ఫీజు కొద్దిగా ఉండే ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చేరిన బిడ్డకు, లేదా రీయింబర్స్‌మెంటు వర్తించని బిడ్డకు ఈ 12,000 పెద్ద అండ. కాగితం, కలం తీసుకొని ఇంట్లో లెక్క వేసుకోండి.

పాత కబుర్లు నమ్మి మోసపోవద్దు

పదవ తరగతిలో రాసే జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష గురించి పెద్దవాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు. 1963లో ఆరంభమైన ఆ పథకం 2021 తరువాత నిలిచిపోయింది. సైన్సు విద్యార్థులకోసం 1999లో మొదలైన కిశోర వైజ్ఞానిక ప్రోత్సాహన్ యోజన కూడ 2022లో ముగిసింది. ఆగిపోయిన పరీక్షలకు శిక్షణ ఇస్తామని ఎవరైనా ఫీజు అడిగితే, ముందు ఆ పరీక్ష ఉన్నదో లేదో విచారించండి.

ఉత్తరంలో "స్కాలర్‌షిప్" అని ఉంటే

ఇప్పుడు రెండో సంగతి. ఒక తాపీ మేస్త్రీ ఒకరోజు సంతోషంగా ఉత్తరం తెచ్చి నా చేతికిచ్చాడు. ఒక ప్రైవేటు విద్యాసంస్థ అతని కుమారునికి "50 శాతం మెరిట్ స్కాలర్‌షిప్" ఇచ్చిందట. మిఠాయిలు కూడ పంచాడు. ఉత్తరం వెనుకవైపు చిన్న అక్షరాలు ఎవరూ చదవలేదు. రాయితీ ట్యూషన్ ఫీజుకే. హాస్టలుకు, భోజనానికి లేదు. ప్రతి ఏడూ చెప్పినన్ని మార్కులు రాకపోతే రాయితీ రద్దు. రెండో సంవత్సరం కుర్రవాడికి మార్కులు తగ్గాయి, రాయితీ పోయింది. చదువు మాన్పించలేక తండ్రి వడ్డీకి అప్పు తెచ్చాడు.

లెక్క చూడండి. ఏడాదికి ట్యూషన్ ఫీజు 2,00,000, హాస్టలు 1,20,000 అనుకుందాం. సగం రాయితీ పోగా చెల్లించవలసింది 2,20,000. రాయితీ రద్దయిన ఏడు 3,20,000. ఇందులో మనకెవరూ చేతికి డబ్బు ఇవ్వలేదు. వాళ్ళే ధర చెప్పారు, వాళ్ళే తగ్గించారు. అలాంటి రాయితీ తీసుకోవడం తప్పని నేననను. నిజంగా మేలుచేసేవీ ఉన్నాయి. కాని దానిని ఉపకార వేతనంగా భావించి మిఠాయి పంచేముందు మూడు ప్రశ్నలు అడగండి: ఏ ఫీజుకు? ఎన్నేళ్ళకు? ఏ షరతుమీద? జవాబులు కాగితంమీద రాసి ఇమ్మనండి.

ప్రతిభ ఎవరి సొత్తు?

ఇక్కడ కాస్త ఆలోచించవలసిన మాట ఉంది. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదువుకున్న రోజుల్లో అరిస్టాటిల్ చెప్పిన ఒక ఉదాహరణ నా మనసులో నాటుకుపోయింది. మంచి పిల్లనగ్రోవులు కొన్ని ఉంటే వాటిని ఎవరికివ్వాలి? గొప్పింట పుట్టినవారికా, అందగాళ్ళకా? కాదు, బాగా వాయించగలవారికే ఇవ్వాలంటాడు ఆయన. ప్రతిభా ఉపకార వేతనం వెనుక ఉన్న న్యాయం ఇదే. కలిమి చూడక, కులం చూడక, పిల్లవాని శక్తి చూసి ఇవ్వడం గొప్ప సంగతే.

కాని నేను మరో ప్రశ్న వేస్తాను. వాయించడం నేర్చుకోవడానికి మొదటి పిల్లనగ్రోవి ఆ పిల్లవానికి ఎవరిచ్చారు? నేర్పినదెవరు? అతడు సాధన చేస్తున్నప్పుడు పశువులు కాసినదెవరు? ఇంటిపనంతా చేసి రాత్రి పది తరువాత పుస్తకం తెరిచే అమ్మాయి 780, ప్రత్యేక శిక్షణతో చదివిన అబ్బాయి 940 ఒకే తూకంలో తూగవు. ప్రతిభ చూసేటప్పుడు అవసరాన్ని కూడ చూడాలి. కేంద్ర పథకంలో ఆదాయ పరిమితి ఉన్నది అందుకే. ప్రతిభ ఒక్కటే చూస్తే ఉన్నవానికే మరింత చేరుతుంది. అవసరం ఒక్కటే చూస్తే కష్టపడినవానికి ప్రోత్సాహం ఉండదు. రెండూ కలిసినప్పుడే న్యాయం.

"టాలెంట్" అనే మాట మన సువార్త ఉపమానంనుండే ప్రపంచ భాషలలోకి ప్రవేశించిందని మీకు తెలుసా? తలాంతు నిజానికి ఒక తూకం, ఆ తూకంగల ధనం. ఒక తలాంతు వెండి సుమారు 6,000 రోజుల కూలి. అంటే ఒక కూలివాని ఇరవై ఏళ్ళ కష్టం. మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని ఆ కథవల్లనే ఆ మాటకు "సామర్థ్యం" అనే అర్థం వచ్చింది. ఆ కథలో రెండు సంగతులు గమనించండి. ఐదు తలాంతుల సేవకునికి, రెండు తలాంతుల సేవకునికి యజమాని మెప్పు సమానంగానే లభించింది. మూడవవాడు భయపడి తనకిచ్చినదానిని మట్టిలో పాతిపెట్టాడు. అతడు దొంగిలించలేదు, దుబారా చేయలేదు. అయినా మందలింపు తప్పలేదు. అర్హత ఉండి దరఖాస్తు చేయకపోవడం కూడ అలాంటి పాతిపెట్టడమే.

ఇప్పుడే చేయవలసిన పనులు

1. ఆదాయ ధృవీకరణ పత్రానికి ఫలితాలు రాకముందే మీసేవ కేంద్రంలో దరఖాస్తు చేయండి.

2. విద్యార్థి పేరుమీదనే బ్యాంకు ఖాతా తెరిచి ఆధార్‌తో అనుసంధానం చేయించండి. ఆధార్‌లోను, మార్కుల జాబితాలోను పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉండాలి. జ్ఞానస్నాన నామం ఒకచోట ఉండి మరొకచోట లేకపోవడంవల్ల చిక్కుల్లో పడినవారు మనలో చాలామంది ఉన్నారు.

3. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేసుకోండి. గడువు తేదీ ఏటా మారుతుంది. దానిని గోడ క్యాలెండరుమీద రాయండి. చివరి వారందాకా ఆగకండి.

4. దరఖాస్తు పంపినంతమాత్రాన పని ముగియలేదు. దానిని కళాశాలవారు పరిశీలించి ఆమోదించాలి. ఆమోదం అయిందో లేదో కళాశాల కార్యాలయంలో అడగండి. లోపముందని తిప్పిపంపితే వెంటనే సరిదిద్దండి.

5. కొత్త దరఖాస్తు ఇంటర్ పాసై డిగ్రీలో చేరిన ఏడాదే పెట్టాలి. తరువాత ప్రతి సంవత్సరం పునరుద్ధరణ చేసుకోవాలి. దానికి కనీసం 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి.

రానివారికి ఒక మాట

తల్లిదండ్రులారా, ఉపకార వేతనం రాని బిడ్డను వచ్చిన బిడ్డతో పోల్చి నొప్పించకండి. 80వ పర్సంటైల్‌కు పైన ఇరవైమంది ఉంటే, కింద ఎనభైమంది ఉండి తీరాలి. అది లెక్క, శాపం కాదు. ఒక ఏడాది మూడు గంటల పరీక్షలు మనిషి విలువను తేల్చలేవు. వచ్చిన బిడ్డలకు చెప్పేది ఒక్కటే: అది నీ గొప్పకు బహుమానం కాదు, నీ మీద ఉంచిన నమ్మకం. పన్ను కట్టినవారి డబ్బు అది. నీ తరువాత వచ్చే చెల్లికి, తమ్ముడికి దరఖాస్తు నింపడంలో ఒక గంట సాయపడితే ఆ అప్పు కొంత తీరుతుంది.

నేను మొదట చెప్పిన అమ్మాయి డిగ్రీ మానలేదు. మా యువతీయువకులు తలా కొంత వేసి ఆమెకు బస్సు పాసు కొనిచ్చారు. మరుసటి ఏడు జూన్‌నుండి ఆదివారం పూజ తరువాత బడి వరండాలో బల్ల వేసుకొని ఇంటర్ పాసైనవారి దరఖాస్తులు నింపినది ఆమే. మీ విచారణలోను అలాంటి ఒక బల్ల, ఒక చదువుకున్న అక్క ఉంటే చాలు.

కుటుంబంలో చర్చించుకోవడానికి

1. మన ఇంట్లో ఎవరి కష్టంవల్ల ఎవరు చదువుకోగలుగుతున్నారు?

2. మనకు వచ్చిన "స్కాలర్‌షిప్" ఉత్తరంలోని షరతులన్నీ చదివామా?

3. మన వీధిలో ఈ ఏడు ఇంటర్ పూర్తిచేసిన పేద విద్యార్థి ఎవరు? ఈ సంగతి వారికి ఎవరు చెబుతారు?