కథ నిలిచినది, చెప్పినవారు మరుగైరి

గ్రామములోని బావి, బడి, బాట వలెనే వృద్ధుల నోట నిలిచియున్న కథలును ఊరి ఉమ్మడి ఆస్తియే. ఆ ఆస్తిని ఒక చిన్న పట్టణము ఎట్లు భద్రపరచుకొన్నదో, అందు ఏ లోపము మిగిలినదో పంచాయతీ సభ్యులకు తెలుపదలచితిమి.

అమెరికాలోని జార్జియా రాష్ట్రమున ఈటన్టన్ అను పట్టణము కలదు. జోయెల్ చాండ్లర్ హారిస్ అను రచయిత ఆ ఊరివాడు. ఆయన 1862లో, బాల్యముననే, సమీపమందలి టర్న్‌వోల్డ్ అను వ్యవసాయ క్షేత్రములో అచ్చుపని నేర్చుకొనుటకు చేరెను. అచ్చటి పొలములలో శ్రమించువారు ఆఫ్రికా సంతతి బానిసలు. హారిస్ వారి గుడిసెలలో కూర్చుండి కథలు వినెడివాడు. మన పంచతంత్రములో కుందేలు సింహమును బావిలో పడవేసినట్లే, ఆ కథలలోను బలహీనమైన కుందేలు యుక్తితో నక్కను ఓడించును.

1865లో అమెరికాలో బానిసత్వము రద్దయినది. తరువాత హారిస్ ఆ కథలను అంకుల్ రీమస్ అను కల్పిత వృద్ధుడు చెప్పినట్లు వ్రాసి, 1880లో పుస్తకముగా ప్రకటించెను. ఆయన 1908లో మరణించెను.

1963లో ఈటన్టన్‌లో అంకుల్ రీమస్ పేరుతో మ్యూజియము వెలసినది. అది గొప్ప భవనము కాదు. పూర్వము బానిసలు నివసించిన దుంగల గుడిసెలనే తెచ్చి, కలిపి కట్టిరి. అందు హారిస్ గ్రంథముల తొలి ముద్రణలు, కథలలోని జంతువుల కొయ్యబొమ్మలు ఉన్నవి.

అయితే హారిస్‌కు ఆ కథలు చెప్పినవారు జార్జ్ టెరెల్, హార్బర్ట్, క్రిస్సీ అను బానిసలు. పుస్తకపు ముఖపత్రముపై వారి పేర్లు లేవు. అదే ఊరి ప్రాంతమున 1944లో జన్మించిన నల్లజాతి రచయిత్రి ఆలిస్ వాకర్, తన వారి సొత్తును హారిస్ అపహరించెనని 1981లో విమర్శించెను. ఆయన వ్రాసియుంచుటచేత అనేక కథలు నశింపక నిలిచినవన్న మాటయు నిజమే.

మన గ్రామములలో బుర్రకథ, ఒగ్గుకథ చెప్పువారును, మనుమలకు కథలు చెప్పు అవ్వలును ఉన్నారు. పంచాయతీవారు ఇందుకై ఒక పుస్తకము తెరచి, ప్రతి కథతోపాటు చెప్పినవారి పేరు, వయస్సు, ఊరు, తేదీ వ్రాయించవలెను. ముందుగా వారి సమ్మతి పొంది, సెల్‌ఫోనులో వారి గొంతును కూడ నిలుపవచ్చును. ఈ పనిలో ఉపాధ్యాయులు తోడ్పడగలరు. గ్రంథాలయములో ఒక బీరువా చాలును. కథలు అచ్చయినచో చెప్పినవారి పేరే ముందుండవలెను. రాబడి కలిగినచో అందు వారికి భాగము ముట్టవలెను.

రాబోవు సమావేశమున ఈ విషయమును చర్చించి తీర్మానింపుడని కోరుచున్నాము. కథ తెలిసిన అవ్వ మన మధ్య నుండగనే ఈ పని ఆరంభము కావలెను.