దేహం మరువని భయం

ఉద్దేశం : ప్రమాదాల నుండి బయటపడినవారి మనఃస్థితిని, శరీరం ద్వారా వారికి స్వస్థత చేకూర్చే చికిత్సా విధానాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం.

గుండె ఝల్లుమన్నది, కాళ్ళూ చేతులూ ఆడలేదు, ఒళ్ళు గగుర్పొడిచింది – భయాన్ని వర్ణించేటప్పుడు తెలుగువారి నోట వెలువడే మాటలివి. వీటిలో మనస్సు ప్రసక్తి లేదు, ఉన్నదంతా శరీరమే. బెదిరిన పిల్లలకు వచ్చే జ్వరాన్ని పెద్దలు జడుపు జ్వరమన్నారు. భయం శరీరంలో నివసిస్తుందని మన జాతీయాలు ఏనాడో గుర్తించాయి. మానసిక చికిత్సలో ఒక శాఖ నేడు ఈ అనుభవాన్నే ఆధారం చేసుకొన్నది.

విశాఖపట్నంలో గాజువాక సమీపాన ఆటోనగర్ ఉన్నది. వాహనాల మరమ్మతు షెడ్లు, లేత్ యంత్రాల రొద, వెల్డింగ్ మెరుపులు అక్కడి నిత్యజీవితం. ఆ పరిసరాలలోనే ఉక్కు కర్మాగారం, చమురుశుద్ధి కర్మాగారం, నౌకాశ్రయం నెలకొన్నాయి. ఈ పరిశ్రమలు వేలాది కుటుంబాలకు అన్నం పెట్టాయి. అయితే పారిశ్రామిక ప్రమాదాలు ఈ నగరానికి విషాదాన్నీ మిగిల్చాయి. 1997 సెప్టెంబరు 14న హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధి కర్మాగారంలో గ్యాసు అంటుకొని సుమారు 60 మంది మరణించారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మందిని బలిగొన్నది. నిద్రలో ఉన్నవారు పిల్లలను ఎత్తుకొని చీకటిలో పరుగులు తీశారు.

ఇటువంటి దుర్ఘటనలలో మృతులను లెక్కిస్తారు. గాయాలకు కట్లు కడతారు. ప్రాణాలతో బయటపడినవారి కంటికి కనిపించని గాయం మాత్రం ఏ లెక్కకూ అందదు. పక్క షెడ్డులో రేకు పడిన చప్పుడుకు ఒక కార్మికుడు ఉలిక్కిపడి, చెమటలు పట్టి, పనిముట్టు జారవిడిచాడనుకొందాం. తోటివారు అతనిని పిరికివాడంటారు. నిజానికి అది పిరికితనం కాదు. ఆపద ఎదురైనప్పుడు మెదడు ఆలోచనకు వ్యవధి ఇవ్వకుండా శరీరాన్ని పోరాటానికో పలాయనానికో సిద్ధం చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకొంటాయి. రెండింటికీ వీలులేనప్పుడు మనిషి కొయ్యబారిపోతాడు. ఆపద తొలగినా కొందరిలో ఈ సన్నద్ధత సడలదు. తాడును చూసి పామని భ్రమించినట్లు, శరీరం ప్రతి చప్పుడులోనూ పాత ప్రమాదాన్నే వింటుంది. ఈ స్థితిని 1980లో అమెరికా మనోవైద్య సంఘం ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది.

జూడిత్ హెర్మన్ అనే మనోవైద్యురాలు 1992లో ప్రచురించిన గ్రంథంలో స్వస్థతకు మూడు దశలు చెప్పారు. మొదటిది భద్రత; రెండవది జరిగినదానిని స్మరించి దుఃఖించడం; మూడవది తిరిగి జనజీవనంలో కలవడం. ఆఘాతాన్ని అర్థం చేసుకొన్న చికిత్సకులు ఈ క్రమాన్ని తప్పరు. "ఆ రాత్రి ఏమి జరిగింది?" అని తొలినాడే తరచి అడగరు. తలుపు కనిపించేచోట కూర్చోబెడతారు. ప్రతి పనికీ ముందు అనుమతి కోరుతారు. పాదాలు నేలను ఎలా తాకుతున్నాయో, భుజాలు ఎక్కడ బిగుసుకొన్నాయో గమనించమంటారు. కష్టమైన జ్ఞాపకాన్ని కొద్దిగా తాకి, వెంటనే శరీరంలో నెమ్మది ఉన్నచోటికి దృష్టి మళ్ళిస్తారు. నిప్పును ఒక్కసారిగా చేతిలో పెట్టక, దూరం నుండి వెచ్చదనాన్ని అలవాటు చేయడం వంటిదిది.

అందరికీ ఒకే మార్గం సరిపడదు. నెమ్మదిగా శ్వాస విడవడం చాలామందికి ఊరటనిస్తుంది. కానీ విషవాయువు పీల్చి ఊపిరాడక విలవిలలాడినవారికి శ్వాసను గమనించడమే భయకారణం కావచ్చు. అటువంటివారికి చేతులతో, పాదాలతో ఆరంభించడం మేలు. ఛాతీ బిగువుకు ఊపిరితిత్తులో, గుండెజబ్బో కారణమేమో ముందుగా వైద్యులు పరీక్షించాలి. శరీర కేంద్రిత పద్ధతులపై పరిశోధన ఇంకా పరిమితమే. భయాన్ని క్రమంగా ఎదుర్కొనేలా చేసే మాటల చికిత్సలకు ఎక్కువ నిదర్శనాలు ఉన్నాయి. కనుక ఇవి ఒకదానికొకటి తోడు కావాలి గాని పోటీ కారాదు.

ఆపదను చూసినవారిలో అధికులు కాలక్రమంలో, ఆత్మీయుల అండతో కోలుకొంటారు. పీడకలలు, ఉలికిపాటు నెలరోజులు దాటినా తగ్గకపోతే నిపుణులను సంప్రదించాలి. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 సంఖ్యకు ఫోన్ చేసినవారికి ఉచితంగా సలహా ఇస్తుంది. యంత్రం మొరాయిస్తే కార్మికుడు దానిని నిందించడు. విప్పి, లోపం తెలుసుకొని, ఓర్పుతో సరిచేస్తాడు. బెదిరిన మనిషికి ఆపాటి ఓర్పైనా చూపడం సమాజ ధర్మం.

కఠిన పదాలకు అర్థాలు
ఆఘాతం : గట్టి దెబ్బ
పలాయనం : పారిపోవడం
సన్నద్ధత : సిద్ధంగా ఉండడం
స్వస్థత : ఆరోగ్యంగా ఉండే స్థితి

ప్రశ్నలు
1. ఆపద తొలగిన తరువాత కూడా కొందరిలో భయం ఎందుకు నిలిచి ఉంటుంది?
2. విషవాయువు బాధితుల చికిత్సలో పాటించవలసిన జాగ్రత్త ఏది?
3. ఉలిక్కిపడిన కార్మికుని పిరికివాడనడం ఎందుకు తగదో వివరించండి.